ధాన్యం కాంటాల దగ్గర లువా: సొంతంగా కంపైల్ చేసుకుని వాడితే ఎలా ఉంది?

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లులకు కాంటా చిట్టీల ప్రోగ్రాములు రాసి పెట్టడం నా పని. బండి నిండు తూకం, ఖాళీ తూకం, తేమ, తరుగు, హమాలీ, చివరికి రైతు చేతికి రావాల్సిన మొత్తం, ఈ లెక్కంతా లువా అనే ప్రోగ్రామింగ్ భాషలోనే నడుస్తుంది. ఆ లువాను విండోస్ కోసం నేనే కంపైల్ చేసుకుంటాను, అంటే దాని కోడ్‌ను మెషిన్ మీద నడిచే ప్రోగ్రాంగా మార్చుకుంటాను. యాసంగి రద్దీలోనూ వానాకాలం రద్దీలోనూ నలిగిన సరుకు కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్తాను. కంపైల్ చేయడం దీంట్లో అన్నిటికన్నా తేలిక. అసలు తలనొప్పి విండోస్‌తోనూ తెలుగుతోనూ మొదలవుతుంది.

లువా 1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరో కాథలిక్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. తయారుచేసినవాళ్లు ఇప్పటికీ సోర్స్ కోడ్ (మనుషులు రాసిన అసలు కోడ్) మాత్రమే ఇస్తారు. రెడీమేడ్ ఈఎక్స్‌ఈ (నేరుగా నడిచే ప్రోగ్రాం ఫైలు) కావాలంటే వేరేవాళ్లు కంపైల్ చేసి పెట్టినవి వెతుక్కోవాలి. మామూలు వాడకానికి అవి సరిపోతాయి. నా ఇబ్బంది వేరు. మిల్లు ఆఫీసులో కొత్త కంప్యూటర్ కొన్నారంటే పాతది కాంటా రూముకు వస్తుంది. విండోస్ 7, 32 బిట్, 2 జీబీ ర్యామ్, పైన వేలెడు మందాన ఊక దుమ్ము. పైథాన్ అనే ఇంకో భాష చూద్దామంటే, దాని 3.8 తర్వాతి వెర్షన్లు విండోస్ 7 మీద ఎక్కనే ఎక్కవు. లువా 5.4 సోర్స్ చూస్తే దాదాపు 30 వేల లైన్ల సీ కోడ్, డౌన్‌లోడ్ 400 కేబీ లోపే. నేనే కంపైల్ చేసుకుంటాను గనక 32 బిట్ కావాలంటే 32 బిట్, 64 కావాలంటే 64.

కంపైలర్‌గా, అంటే ఆ మార్చే పని చేసే ప్రోగ్రాంగా, మింగ్‌డబ్ల్యూ వాడతాను. దాన్ని ఇన్‌స్టాల్ చేయకుండా జిప్ విప్పి వాడుకునే రకం కూడా దొరుకుతుంది. సోర్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి మేక్ అని, పక్కన మింగ్‌డబ్ల్యూ అని టైప్ చేస్తే టీ తాగొచ్చేలోపు ఇంటర్‌ప్రెటర్ (లువా స్క్రిప్టులను నడిపేది), దాని డీఎల్‌ఎల్ (ప్రోగ్రాములు నడిచేటప్పుడు వాడుకునే కోడ్ ఫైలు), బైట్‌కోడ్ కంపైలర్ (స్క్రిప్టును లువా లోపలి ఆదేశాలుగా మార్చేది) చేతికొస్తాయి. ఇన్‌స్టాల్ స్టెప్ జోలికి వెళ్లొద్దు, అది యూనిక్స్ వాళ్ల కోసం రాసింది. ఫైళ్లు కాపీ చేసుకుంటే చాలు.

విజువల్ స్టూడియో కంపైలర్‌తోనూ చేసి చూశాను. పని బాగానే జరుగుతుంది. కాకపోతే రన్‌టైమ్ (సీ ప్రోగ్రాములు నడవడానికి ఆధారపడే లైబ్రరీ) విడి డీఎల్‌ఎల్‌గా ఉండే ఆప్షన్‌తో కడితే, ఆ రన్‌టైమ్ లేని మెషిన్‌లో ‘వీసీరన్‌టైమ్140 కనబడటం లేదు’ అని మెసేజ్ వస్తుంది. రోడ్డు మీద ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నప్పుడు ఆ మెసేజ్ చూస్తే ఎంత టెన్షనో వేరే చెప్పాలా? మింగ్‌డబ్ల్యూలో ఎంఎస్‌వీసీఆర్‌టీ అనే పాత రన్‌టైమ్‌కు లింక్ చేసుకుంటే ఆ బాధ లేదు, ఆ ఫైలు ప్రతి విండోస్‌లోనూ ముందే ఉంటుంది.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. విండోస్‌లో లువా తన మాడ్యూళ్లను (అదనపు కోడ్ ఫైళ్లను) ఈఎక్స్‌ఈ ఉన్న ఫోల్డర్ పక్కనే వెతుక్కుంటుంది. రిజిస్ట్రీ ఎంట్రీలు అక్కర్లేదు, అడ్మిన్ పాస్‌వర్డ్ కోసం సేటు కొడుకును పిలవక్కర్లేదు. మొత్తం ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి పెడితే నడుస్తుంది.

లెక్కల విషయంలో లువా 5.3 నుంచి వచ్చిన 64 బిట్ పూర్ణాంకాలు నా పాలిట వరం, 32 బిట్ మెషిన్ మీద కూడా అవే. డబ్బంతా పైసల్లోనే దాస్తాను. 2025–26లో ఏ గ్రేడ్ ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. 37 క్వింటాళ్ల 45 కిలోలకు ఎంతవుతుందంటే, కిలోల్లో 3745ను పైసల్లో 238900తో హెచ్చించి 100తో భాగించాలి. రెండు గీతల (//) భాగహారం వాడితే 8946805 అని వస్తుంది, అంటే 89,468 రూపాయల 5 పైసలు. ఒక్క గీతే (/) వేస్తే అదే అంకె చివర ‘.0’ తగిలించుకుని చిట్టీ మీద ప్రత్యక్షమవుతుంది. రైతు అది చూసి ‘ఈ సున్నా ఏంది?’ అని అడగక మానడు. లక్షల దగ్గర కామాలు పెట్టే ఫంక్షన్ మాత్రం మనమే రాసుకోవాలి.

కాంటా ఇండికేటర్ (బరువు చూపించే డబ్బా) నుంచి బరువు తీసుకోవడానికి సీరియల్ పోర్టును మామూలు ఫైలులా తెరిచి చదవొచ్చు. ముందుగా విండోస్‌లోని ‘మోడ్’ అనే కమాండ్‌తో స్పీడు సెట్ చేయాలి. గుమాస్తా యూఎస్‌బీ కన్వర్టర్ పీకి వేరే సాకెట్‌లో గుచ్చితే పోర్టు నంబరు మారుతుంది, అది 10 దాకా వెళ్తే ఉత్త ‘కామ్ 10’ అని పిలిస్తే పలకదు. ముందు రెండు బ్యాక్‌స్లాష్‌లు, ఒక చుక్క, మరో బ్యాక్‌స్లాష్ పెట్టాలి. లువాలో మామూలు కోట్స్ మధ్య రాసే స్ట్రింగ్‌లో ప్రతి బ్యాక్‌స్లాష్‌నూ రెండుసార్లు రాయాలి గనక ఆ లైను ముళ్లకంచెలా తయారవుతుంది. ఇండికేటర్ ఆఫ్‌లో ఉంటే ఇంకో గొడవ: ప్రోగ్రాం బరువు కోసం ఎదురుచూస్తూ అక్కడే ఆగిపోతుంది. స్టాండర్డ్ లువాలో టైమౌట్ (ఇంతసేపు చూసి వదిలేయమనే గడువు) పెట్టే దారి లేదు. అందుకే చిన్న సీ మాడ్యూల్ రాసి డీఎల్‌ఎల్‌గా కట్టుకున్నాను. లువాను కట్టిన కంపైలర్, రన్‌టైమ్ నా చేతిలోనే ఉండటంతో అది పెద్ద పని కాలేదు.

ఇక తెలుగు. స్ట్రింగ్ (అక్షరాల వరుస) అంటే లువాకు బైట్ల వరుస, అంతే. అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ‘కృష్ణ’ అనే పేరు 15 బైట్లు, లువాలోని యూటీఎఫ్-8 లైబ్రరీని అడిగితే వత్తులు, గుర్తులు విడివిడిగా లెక్కేసి 5 అంటుంది, మన కంటికి రెండక్షరాలు. పేరును 20 స్థానాల కాలమ్‌లో సర్దమని ఫార్మాట్ ఫంక్షన్‌కు చెప్తే బైట్లు లెక్కపెడుతుంది, కాలమ్‌లన్నీ వంకర పోతాయి. పొడవు కత్తిరించమంటే అక్షరం మధ్యలోనే తెగొచ్చు. నేను కాలమ్‌ల పని మానేసి చిట్టీని హెచ్‌టీఎంఎల్ ఫైలుగా రాసి బ్రౌజర్ నుంచి ప్రింట్ తీయిస్తున్నాను. పాత నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసిన రైతుల జాబితా మొదట్లో బీఓఎమ్ అనే మూడు బైట్లు దాక్కుంటాయి. స్క్రిప్టు ఫైలులో ఉంటే లువా వాటిని దాటేస్తుంది. డేటా ఫైలులో ఉంటే మాత్రం దాటదు, మనమే తీసేయాలి.

ఫైలు పేరే తెలుగులో ఉంటే ఇంకా కష్టం. తెలుగుకు పాతకాలపు ఆన్సీ కోడ్ పేజీ (ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టిక) విండోస్‌లో లేదు, లువా ఫైళ్లను తెరిచేది ఆ దారిలోనే. విండోస్ 10లో 1903 వెర్షన్ నుంచి దీనికి మందు దొరికింది: ఈఎక్స్‌ఈలో యూటీఎఫ్-8 కోడ్ పేజీ అడిగే మానిఫెస్ట్ (ప్రోగ్రాంకు ఏం కావాలో విండోస్‌కు చెప్పే చీటీ) కలిపి కడితే తెలుగు పేర్లు తెరుచుకుంటాయి. రెడీమేడ్ ఈఎక్స్‌ఈ వాడేవాళ్లకు ఈ సౌకర్యం అంత తేలిగ్గా రాదు. విండోస్ 7లో ఈ మందు పనిచేయదు, అక్కడ ఫైళ్లకు అంకెల పేర్లే పెడుతున్నాను.

చిరాకులు ఇంకా ఉన్నాయి. ఫోల్డర్‌లో ఏ ఫైళ్లున్నాయో చూడ్డానికి కూడా స్టాండర్డ్ లైబ్రరీలో ఏమీ లేదు, లువా ఫైల్‌సిస్టమ్ అనే మాడ్యూల్ విడిగా కంపైల్ చేసుకోవాలి. ఒక మిల్లులో యాంటీవైరస్ నా ఈఎక్స్‌ఈని దొంగను పట్టినట్టు పట్టి క్వారంటైన్‌లో వేసింది. డిజిటల్ సంతకం లేని కొత్త ఈఎక్స్‌ఈ అంటే వాటికి ఎప్పుడూ అనుమానమే. వేరియబుల్ పేరులో ఒక్క అక్షరం తప్పు పడితే లువా కిక్కురుమనకుండా దాన్ని నిల్ (ఏమీ లేదు) అనుకుంటుంది, ఆ లైను దాకా నడిచాకే గొడవ బయటపడుతుంది. దీనికి నా అలవాటు: మిల్లుకు పంపేముందు బైట్‌కోడ్ కంపైలర్‌తో ఆదేశాల లిస్టింగ్ తీసి గ్లోబల్ పేర్లన్నీ (ప్రోగ్రాం అంతటా చెల్లే పేర్లు) ఒకసారి చూస్తాను. తప్పుడు పేరు అక్కడ దొరికిపోతుంది.

ఎక్సెల్ ఫైళ్లు, పీడీఎఫ్‌లు, ఆన్‌లైన్ పోర్టల్‌తో లింకులు కావాలంటే లువా మీద టైమ్ పెట్టకండి, పైథాన్‌కు వెళ్లండి. ఒక గది, ఒక కాంటా, ఒక ప్రింటర్ ఉన్నచోట మాత్రం ఇంత తేలిగ్గా, ఇంత తక్కువ మెమరీలో నడిచేది నాకు ఇంకోటి కనబడలేదు.

లువా కొత్త 5.5 వెర్షన్‌లో గ్లోబల్ పేర్లను ముందే ప్రకటించే పద్ధతి తెచ్చారు. నాకు బాగా అక్కరకొచ్చేదే. కానీ 5.4కు కట్టిన మాడ్యూల్ డీఎల్‌ఎల్‌లు దాంతో పనిచేయవు, సీరియల్ పోర్టుది, ఫైల్‌సిస్టమ్‌ది రెండూ మళ్లీ కంపైల్ చేయాలి. కోతలు అయిపోయి కాంటాలు ఖాళీ అయ్యేదాకా మిల్లుల్లో ఉన్న 5.4ను ముట్టుకోను.