ప్లాస్ వన్‌లో జనం ఎక్కువగా తెరిచే వ్యాసాలు: ఒక బోటనీ మేడమ్ అనుభవం

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు బోటనీ చెబుతాను. ఎర్రచందనం గింజల మొలక మీద ఒక పేపరు కావలసి ఆమధ్య ఒక జర్నల్ సైటు తెరిస్తే, ఒక్క పీడీఎఫ్‌కి 35 డాలర్లు అడిగింది. మా హాస్టల్ పిల్లల నెల మెస్ బిల్లుకు దగ్గరగా ఉందది! అప్పటినుంచి ముందు ప్లాస్ వన్ అనే ఆన్‌లైన్ సైన్స్ జర్నల్లోనే వెతుకుతున్నాను. 2006లో మొదలైన ఈ జర్నల్లో ప్రతి వ్యాసమూ ఉచితమే, లాగిన్ కూడా అక్కర్లేదు.

ప్రతి వ్యాసం పైన, ఎన్నిసార్లు చూశారో, ఎంతమంది ఉదహరించారో అంకెలుంటాయి. వెతికాక ఫలితాల్ని ఎక్కువమంది చూసిన వరసలో పెట్టుకోవచ్చు. పురుగుల గురించి అలా వెతికితేనే జర్మనీలో చేసిన ఒక పరిశోధన మీద వ్యాసం దొరికింది. 2017లో వచ్చింది. రక్షిత ప్రాంతాల్లో ఎగిరే పురుగుల మొత్తం బరువు 27 ఏళ్లలో 75 శాతానికి పైగా పడిపోయిందని శీర్షికలోనే చెప్పేశారు. అంతమంది తెరవడానికి ఆ శీర్షికే కారణమని నా నమ్మకం. ప్లాస్ వన్‌ని నడిపే సంస్థదే ఇంకో జర్నల్, వైద్యం మీద వచ్చే ప్లాస్ మెడిసిన్‌లోనూ అంతే. ప్రచురించిన పరిశోధన ఫలితాల్లో చాలావరకు ఎందుకు తప్పో చెబుతూ 2005లో ఇయోనిడిస్ అనే పరిశోధకుడు రాసిన వ్యాసాన్ని 30 లక్షలసార్లకు పైగా చూశారు. ఆ శీర్షిక చూసి ఏ శాస్త్రం వాళ్లయినా ఆగుతారు.

అయితే జర్మనీ వ్యాసంలో నన్ను కట్టిపడేసింది పద్ధతుల భాగం. 63 చోట్ల గుడారంలాంటి వలలు కట్టారు. సీసాలోని ఆల్కహాల్‌లో పడ్డ పురుగుల్ని జల్లెడలో వేసి, కారే ఆల్కహాల్ చుక్కకీ చుక్కకీ మధ్య 10 సెకన్లు దాటేదాకా ఆగి, అప్పుడు తూకం వేశారు. ఏళ్ల తరబడి ఆ పురుగుల్ని పోగుచేసింది క్రెఫెల్డ్ అనే ఊళ్లోని కీటక సంఘం వాళ్లు. ఇది క్లాసులో చదివి వినిపిస్తుంటే ఫైనలియర్ అమ్మాయి ఒకతె లేచి, "మన తోటలో కూడా కడదాం మేడమ్" అంది. పాత దోమతెర తెచ్చి వేపచెట్టు పక్కన కట్టాం. మొదటి వారం పడ్డవి తూస్తే నాలుగు గ్రాములు కూడా లేవు. అయినా పిల్లలు త్రాసు చుట్టూ మూగి, జల్లెడ కింద చుక్కలు లెక్కపెడుతూ నిలబడ్డారు.

చూసినవాళ్ల అంకెని మాత్రం విలువకు కొలతగా తీసుకోకండి. తెరిచి మూసేసినవాళ్లూ అందులో ఉంటారు. గింజల మీద నాకు నిజంగా పనికొచ్చిన పేపర్లు ఈ వరసలో చాలా అడుగున దొరికాయి, చివరిదాకా దిగి చూడాల్సొచ్చింది.

ప్లాస్ వన్‌కి అయిదు మార్కులకి నాలుగు ఇస్తాను. చదవడం ఉచితమే గానీ, అందులో వ్యాసం వేయించుకోవాలంటే ఫీజు రెండు వేల డాలర్ల పైమాటే. మా పిల్లలు రేపు తమ వేపచెట్టు లెక్కలు రాసి పంపాలంటే అంత డబ్బు ఎక్కడ తెస్తారు? ఆ ఒక్క మార్కు అందుకే తగ్గించాను.