ఆర్పీడబ్ల్యూఎల్: పదేళ్ళు విన్నాక, ఒక రాత్రి ఎయిర్‌పోర్టుకి వెళ్ళొచ్చాక

ఈ జర్మన్ బ్యాండ్ నాకు నచ్చడానికి కారణం ఒక్కటే, తొందరపడరు. వాళ్ళని తిట్టుకున్న రోజు కూడా అందుకే తిట్టుకున్నాను.

వీళ్ళు వాయించేది నియో ప్రోగ్, అంటే పాత ప్రోగ్రెసివ్ రాక్ దారిలో నడిచే, పొడుగాటి పాటల రాక్ సంగీతం. వీళ్ళది మ్యూనిక్ పక్కనున్న ఫ్రైసింగ్. 1997లో బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ పాటలు వాయిస్తూ మొదలుపెట్టి, 2000లో 'గాడ్ హ్యాజ్ ఫెయిల్డ్'తో సొంత పాటలకి వచ్చారు. బ్యాండ్ పేరు నలుగురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు. అందులో ఆర్, పీ ఎప్పుడో వెళ్ళిపోయారు. మిగిలింది గిటార్ వాయించే కాల్లె వాల్నర్, పాడే యోగి లాంగ్. (యోగి అంటే మనవాడేమో అనుకున్నాను మొదట. కాదు.) బోర్డు మీద 'అండ్ బ్రదర్స్' ఉండి లోపల తమ్ముళ్ళెవరూ కనపడని బట్టల కొట్టు లాంటి వ్యవహారం. సరుకు మాత్రం మారలేదు.

నేను అదే ఊళ్ళో, వైహెన్‌స్టెఫాన్ క్యాంపస్‌లో చదివాను. అప్పుడే 'బియాండ్ మ్యాన్ అండ్ టైమ్' (2012) సీడీ కొన్నాను. జర్మన్ తత్వవేత్త నీషే రాసిన జరతూస్త్ర పుస్తకం చుట్టూ అల్లిన ఆల్బమ్. అందులో 'ది ఫిషర్‌మన్' పావుగంట దాటుతుంది.

ఒక జనవరి రాత్రి మ్యూనిక్‌లో పని ముగించుకుని పరుగున ఎస్1 రైలు ఎక్కాను. ఆ రైలు నోయ్‌ఫార్న్ స్టేషన్లో రెండుగా విడిపోతుంది. ముందు పెట్టెలు ఫ్రైసింగ్‌కి, వెనక పెట్టెలు ఎయిర్‌పోర్టుకి. అక్కడ వారం రోజులున్న వాడికి కూడా తెలిసిన సంగతే. నాకు దొరికింది చివరి పెట్టె. నోయ్‌ఫార్న్‌లో దిగి ముందుకి మారదాంలే అని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని 'ఫిషర్‌మన్' వేశాను. వాల్నర్ గిటార్ అందుకున్నాడు. ఒక్కో స్వరాన్నీ పట్టుకుని, వదలాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు వాయిస్తాడతను. కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి చుట్టూ చక్రాల సూట్‌కేసులు. రైల్లో అనౌన్స్‌మెంట్ చేసే ఉంటారు, వినే స్థితిలో నేను లేను.

ఎయిర్‌పోర్టు నుంచి ఫ్రైసింగ్‌కి బస్సుంది, కానీ కళ్ళముందే వెళ్ళిపోయింది. చలిలో నిలబడి, కసి కొద్దీ అదే పాట మళ్ళీ వేశాను. ఎక్కడ రెండు నిమిషాలు కోసేసినా నా స్టేషన్ నాకు దక్కేదో పట్టుకుందామని. ఒక్క చోటా కత్తెర పెట్టబుద్ధి కాలేదు. బస్సు వచ్చినా పాట అవ్వలేదు.

ఆ కథ చాలా ఏళ్ళు గొప్పగా చెప్పుకున్నాను. ఈమధ్య మళ్ళీ వింటే, మధ్యలో ఒక మూడు నిమిషాలు తీసేసినా ఏం పోదనిపించింది. వయసో, ఓపికో. 'వీళ్ళు ఫ్లాయిడ్ నీడలోంచి ఎప్పుడో బయటపడ్డారు' అని స్నేహితులతో వాదించేవాణ్ణి. అదీ పూర్తి నిజం కాదు. ఫ్లాయిడ్ 1969లో కచేరీల్లో వాయించి, ఆ రోజుల్లో ఆల్బమ్‌గా తేని 'ది మ్యాన్ అండ్ ది జర్నీ'ని వీళ్ళు మొత్తం వాయించి డిస్కుగా తెచ్చారు. బయటపడాలన్న ఆత్రం వాళ్ళకే లేనప్పుడు నాకెందుకట?

'క్రైమ్ సీన్' (2023) మాత్రం ఊహించలేదు. అందులో ఒక పాట 1922లో బవేరియాలోని హింటర్‌కైఫెక్ అనే ఒంటరి పొలం ఇంట్లో ఆరుగురిని చంపేసిన కేసు మీద. హంతకుడెవరో ఇప్పటికీ తేలలేదు. అక్కడ ఆ నిదానం వేరేలా పనిచేసింది. తీరిగ్గా నడిచే సంగీతం హాయినిస్తుందనుకునేవాణ్ణి. ఆ పాట వింటూ లేచి తలుపు గడియ చూసుకొచ్చాను.

మీకు నచ్చుతుందా అంటే, నా మాట నమ్మొద్దు. వాళ్ళ ఊళ్ళో, మంచులో, ఒంటరిగా ఉన్నప్పుడు విన్నవాణ్ణి. పల్లవి నిమిషంలో రాకపోతే విసుక్కునేవాళ్ళయితే డబ్బులు పెట్టకండి. వింటానంటే 'క్రైమ్ సీన్'తో మొదలెట్టండి, 'ఫిషర్‌మన్' సెలవు రోజుకి దాచుకోండి.

నేనిప్పుడు హైదరాబాద్ మెట్రోలో వింటున్నాను. ఈ రైలు మధ్యలో విడిపోదు. మైమరచి కూర్చున్నా మియాపూర్ దాటి తీసుకెళ్ళదు.