నల్లగొండలో వైన్ కొంటున్నారా? ముందు సీసా మీద సంవత్సరం చూడండి

బోర్డు మీద ‘వైన్స్’ అని ఉంటుంది గానీ, మన దగ్గర లోపలికి వెళ్లి వైన్ కావాలంటే కౌంటర్లో అబ్బాయి ఒక్క క్షణం ఆగి మన మొహం చూస్తాడు. విస్కీ, బ్రాందీ, బీరు పెట్టెలకు పెట్టెలు కదులుతాయి. వైన్ మాత్రం షట్టర్ పక్కన పై అరలో ఎవరైనా అడిగేదాకా నిలబడే ఉంటుంది. నా డబ్బులు పోయింది ఆ అర దగ్గరే.

2025 నవంబర్ చివరి వారం. పుణేలో ఉద్యోగం చేసే మా బామ్మర్ది వస్తున్నాడు. నాకు వైన్ అలవాటు చేసింది వాడే. షాపులో ఎమ్మార్పీ మీద తగ్గించి ఇస్తామన్నారు. ఎందుకంటే రెండేళ్ల లైసెన్స్ నవంబర్ 30తో అయిపోతోంది, ఉన్న సరుకు వదిలించుకోవాలి. రెండు రెడ్ వైన్లు, ఒక వైట్ వైన్, ఆరు గోధుమ బీర్లు తీసుకున్నాను. వైట్ మీద 2021 అని ఉంది. ఇది పాతది కదా అని అడిగాను. “వైన్ అంటేనే పాతగుండాలె అన్నా, ఎంత పాతదైతే అంత మంచిది” అన్నాడు. నేను తల ఊపాను. బిల్లు కూడా అడగలేదు.

ఇంట్లో వైట్ గ్లాసులో పోశాం. లేత పసుపులో, కాస్త పచ్చ ఛాయతో ఉండాల్సింది ఇంట్లో వండిన ఆముదం రంగులో ఉంది. మా ఆవిడ వాసన చూసి “ఏందిది, చింతపండు నానేసిన నీళ్ల లెక్కుంది?” అంది. బామ్మర్ది ఒక గుక్క నోట్లో తిప్పి సింకులో ఉమ్మేశాడు. “బావా, ఇది పోయింది.” తరువాత ఒక రెడ్ సీసా తెరవబోతే కార్క్ సీసా అంచు కంటే గోరు మందం పైకి లేచి ఉంది. పైన చుట్టిన రేకు కింద జిగురుగా ఎర్రటి చార. ఎండకు లోపలి రసం వ్యాకోచించి కార్క్‌ను తోసిందని వాడు చెప్పాడు. రుచి చూస్తే కిస్మిస్ ఉడకబెట్టిన నీళ్లు.

ఇందులో నకిలీ ఏమీ లేదు. మూత మీద ఎక్సైజ్ హోలోగ్రామ్ ఉంది, ఎమ్మార్పీ ఉంది, కంపెనీ కూడా మంచిదే. హోలోగ్రామ్ పన్ను కట్టిన సరుకని చెబుతుంది, అంతే. ఆ సీసా రెండు ఎండాకాలాలు 44 డిగ్రీల ఎండలో రేకుల కప్పు కింద నిలబడిందని అది చెప్పదు.

పొద్దున దించిన తాటికల్లు మధ్యాహ్నానికి ఎట్లా పుల్లబడుతుందో మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. వైన్ కూడా పులిసిన రసమే. విస్కీలో 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి ఏళ్లు పడి ఉన్నా దానికేమీ కాదు. వైన్‌లో ఉండేది 12, 13 శాతమే. దానికి 12 నుంచి 15 డిగ్రీల చల్లదనం, చీకటి కావాలి. ఏళ్ల తరబడి దాచుకునే వైన్లు లేకపోలేదు, కానీ అవి మన బడ్జెట్‌వి కావు. వెయ్యి రూపాయల లోపు సీసాలు తొందరగా తాగడానికే చేస్తారు. నాసిక్ వైపు ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకా. సీసా మీద ఉండేది ఆ కోత సంవత్సరం. వైట్ అయితే రెండేళ్లు, రెడ్ అయితే మూడు నాలుగేళ్లు దాటితే నేనిక ముట్టను. వైట్ సీసాను వెలుతురుకు పెట్టి రంగు చూడండి. కార్క్ ఉన్నదైతే మెడ మీద వేలితో తడమండి, జిగురు తగిలితే అక్కడే పెట్టేయండి. తిప్పే మూత సీసాలో కార్క్ గొడవ ఉండదు గానీ లోపలి వైన్ ఎండకు ఉడికే తీరుతుంది.

బీర్ల సంగతి ఇంకా సిగ్గుచేటు, ఎందుకంటే తేదీ లేబుల్ మీదే ఉంది. మార్చిలో తయారైంది, ఆరు నెలల్లోపు తాగాలని రాసి ఉంది. నేను కొన్నది నవంబర్‌లో. మంచి గోధుమ బీరు మూత తీస్తే మన బత్తాయి తొక్క గిల్లినట్టు గుప్పుమంటుంది, కొన్నిటిలో నారింజ తొక్క, ధనియాలు వేస్తారు కాబట్టి. ఇది తడిసిన అట్టపెట్టె వాసన కొట్టింది. పచ్చ సీసాల్లో వచ్చే బీరు అద్దం దగ్గర వెలుతురులో ఉంటే అసలే తీసుకోకండి. వెలుతురు తగిలితే బీరుకు చేదు, వాసన ఇచ్చే హాప్స్ పూలు చెడి కుళ్లు కంపు వస్తుంది. గోధుమరంగు సీసా కాస్త నయం.

డిసెంబర్ 2న ఖాళీ సీసాలు సంచిలో వేసుకుని వెళ్లాను. అదే షట్టర్, అదే అర, కొత్త ఓనర్. “మేం నిన్న తెరిచినం సార్, పాతోళ్ల సంగతి మాకేం తెలుసు?” అన్నాడు. తప్పు అతనిది కాదు. బిల్లు లేదు కాబట్టి ఎక్సైజ్ స్టేషన్‌కు వెళ్లినా ఏం చూపించాలి? మళ్లీ 2027 నవంబర్‌లో ఈ లైసెన్సులు అయిపోతాయి. అప్పుడు కూడా ఇట్లాగే తగ్గించి ఇస్తామంటారు.

ఇప్పుడు నేను హైదరాబాద్ పని మీద వెళ్లినప్పుడు ఏసీ ఉన్న షాపులో, జనం వైన్ కొంటూ ఉండే చోట, ఒక్క సీసా తీసుకుంటున్నాను. బాగుంటేనే రెండోది.

రెండో రెడ్ సీసా ఇంకా తెరవలేదు, మా ఫ్రిజ్ మీదే ఉంది. కార్క్ లేవడమంటే ఏమిటో చూడాలని ఉన్నవాళ్లు వచ్చి చూడొచ్చు. తాగమని మాత్రం అడగను.