హ్యాండిళ్ళు పీకేయడానికి పంతొమ్మిది నెలలు: శాక్రమెంటోలో ఒక పాతకాలపు బాడీ షాపు

షాపు పేరు రాయడం లేదు, వెతక్కండి. "పేరు పెడితే ఫోన్లు మొదలవుతాయి, ఫోనెత్తడం నాకు చేతకాదు" అని ఓనరే వద్దన్నాడు. చేతకాదన్న మాట నిజమేనని నేను పంతొమ్మిది నెలలు అనుభవించాను. కాలిఫోర్నియాలోని శాక్రమెంటో దక్షిణాన రైలు పట్టాల పక్కన బోర్డు లేని రేకుల షెడ్డు అది. ఉండేది ఇద్దరే. డెబ్భై దాటిన పెద్దాయన, ఆయన దగ్గర పని నేర్చిన మేనల్లుడు. ఈ ఊళ్ళో పాత కార్లున్న వాళ్ళని ఎవరిని అడిగినా దారి చెబుతారు.

నా కారు 1950 షెవర్లే స్టైల్‌లైన్, రెండు తలుపుల సెడాన్. ఫోల్సమ్‌లో మా వీధి చివరి ఇంటాయన ఊరు మారుతూ గరాజ్ ఖాళీ చేస్తుంటే కొన్నాను. మా ఆవిడ అప్పటికే ఒక మాట అంది. అసలు మాట బిల్లు వచ్చిన రోజు అంది: "ఉన్న హ్యాండిళ్ళు పీకేయడానికి డబ్బులిచ్చారా?"

ఇచ్చాను. నేను అడిగిన పని ఇదీ. బానెట్ మీదా డిక్కీ మీదా ఉన్న బ్యాడ్జీలు తీసేసి చిల్లులు మూయాలి. తలుపుల బయటి హ్యాండిళ్ళు తీసేసి, లోపల సోలినాయిడ్ (కరెంటుతో గడియ లాగే పరికరం) పెట్టి, కనపడని బటన్‌తో తెరుచుకునేలా చేయాలి. హెడ్‌లైట్ చుట్టూ ఉండే రింగుని ఫెండర్‌తో అతికి, రెండూ ఒకే రేకులా కనిపించేలా చేయాలి. దీన్ని ఇక్కడ ఫ్రెంచింగ్ అంటారు. బానెట్ ముందు మూలలు కోసుగా ఉన్నాయి, వాటిని కాస్త గుండ్రం చేయాలి. వెనకవైపు రెండంగుళాలు దించాలి. ఆపైన ముదురు ద్రాక్ష రంగు. అంతే. మంటల బొమ్మలు, మెరుపు చుక్కలు ఏవీ లేవు.

రూఫు కూడా కోసి కిందికి దించుదామా అని అడిగాను. పెద్దాయన కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఈ రూఫు గీసినవాడు నాకంటే తెలివైనవాడు" అన్నాడు. కోత పనికి బోలెడు గంటల డబ్బు వచ్చేది, వద్దన్నాడు. అప్పుడే అడ్వాన్సు చెక్కు రాసిచ్చాను.

ఈ మనిషి అలా మాట్లాడటానికి ఊరు కూడా ఒక కారణం. కస్టమ్ కార్లంటే, అంటే ఇలా ఓనరు ఇష్టానికి మార్పించుకున్న కార్లంటే, అందరికీ లాస్ ఏంజెలెస్ గుర్తొస్తుంది. 1966 టీవీ బ్యాట్‌మొబైల్ తయారుచేసిన జార్జ్ బారిస్ పేరు గుర్తొస్తుంది. ఆ బారిస్ పెరిగింది మాత్రం మనవాళ్ళు ఇప్పుడు బారులు తీరి ఇళ్ళు కొంటున్న రోజ్‌విల్‌లో. పని నేర్చింది శాక్రమెంటోలో, హ్యారీ వెస్టర్‌గార్డ్ అనే మేస్త్రి దగ్గర. తర్వాత జార్జ్, అన్న శామ్ కలిసి బాబ్ హిరోహాటా అనే జపనీస్ అమెరికన్ కుర్రాడి 1951 మెర్క్యురీని మార్చి, 1952లో లాస్ ఏంజెలెస్ ప్రదర్శనలో పెట్టారు. 2022 వేలంలో ఆ కారు దాదాపు ఇరవై లక్షల డాలర్లు పలికింది. మా పెద్దాయనకి దాని మీద గౌరవమే. కానీ గోడ మీద ఫోటోలు వెస్టర్‌గార్డ్ కార్లవి. వాటిలో ఏం మార్చారో కనిపెట్టాలంటే పక్కన ఫ్యాక్టరీ కారు పెట్టుకుని చూడాల్సిందే.

ఇక అసలు పని. ఇక్కడ అతుకుల మీద లప్పం పెట్టరు, సీసం పెడతారు. ప్లాస్టిక్ లప్పం బజారులోకి వచ్చిందే 1950ల నడుమ. అంతకుముందు ఫ్యాక్టరీల్లో కూడా రూఫు అతుకులు సీసంతోనే పూడ్చేవాళ్ళు. కడ్డీలో డెబ్భై పాళ్ళు సీసం, ముప్పై పాళ్ళు తగరం. ఆ మిశ్రమం 183 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడుతుంది, 250 దాటిందంటే నీళ్ళలా నేల మీద పడుతుంది. ఈ రెండింటి మధ్యా వెన్నలా ఉండే కాసేపట్లోనే మేనల్లుడు చెక్క పలకతో దాన్ని నిలువు రేకు మీద పరుస్తాడు. పలక అంటుకోకుండా మధ్యమధ్యలో మైనంలో ముంచుతాడు. ఒక చేతిలో మంట విసిరే టార్చ్, ఇంకో చేతిలో పలక. మంట రేకు మీద ఒక్కచోట నిలిస్తే రేకు వంకర పోతుంది.

దానికి ముందు రేకుకి పల్చగా తగరం పూత పూస్తారు. మేనల్లుడు ఫ్లక్స్ (తగరం రేకుని పట్టుకోవడానికి రాసే మందు) రాసి, వేడిచేసి, గుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే రేకు వెండిలా తెల్లబడింది. నాకు మా అమ్మమ్మ ఇంటి ముందు కొలిమి పెట్టుకుని, నవాసాగరం పొగలో ఇత్తడి గిన్నెలకి కళాయి వేసే సాయిబు గుర్తొచ్చాడు. ఇదీ కళాయే, కాకపోతే కారుకి. తర్వాత ఆ ఫ్లక్స్‌లోని యాసిడ్‌ని వంటసోడా నీళ్ళతో కడగాలి. అక్కడ బద్ధకిస్తే ఆర్నెల్లకి పెయింట్ బుడగలు లేస్తుంది. నా కారుకి పెయింట్ పడి ఏడాది దాటింది, ఒక్క బుడగ లేదు. సీసాన్ని గ్రైండర్‌తో అరగదీయరు, ఆ దుమ్ము పీలిస్తే ఒళ్ళు గుల్ల. అందుకే చేత్తో ఆకురాయి పడతారు. రాలిన పొట్టు డబ్బాలోకి ఎత్తుతారు. చేతులు కడుక్కోకుండా కాఫీ కప్పు ముట్టుకున్నందుకు మేనల్లుడికి నా ఎదురుగానే చీవాట్లు పడ్డాయి.

నునుపు చూసేది కంటితో కాదు. పెద్దాయన పల్చటి నూలు తొడుగు వేసుకుని, కళ్ళు మూసుకుని, ఫెండర్ మీద అరచెయ్యి పొడుగునా జరుపుతాడు. ఎక్కడో ఆగుతుంది. సున్నం గీత గీస్తాడు. నేను అక్కడే పదిసార్లు తడిమాను, నాకేం తెలియలేదు. ముదురు రంగు మీద చిన్న అల ఉన్నా ట్యూబులైటు నీడ వంకరగా పడి పట్టిస్తుంది. ఇప్పుడు మా గరాజ్‌లో ఆ నీడ దారం పట్టినట్టు పోతుంది, రాత్రిళ్ళు ఊరికే వెళ్ళి చూసుకుంటూ ఉంటాను.

కారు ఇంటికొచ్చాక అసలు పరీక్ష పెట్టింది మా నాన్న. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు టింకరింగ్ మేస్త్రి. అమెరికా వచ్చిన రెండో రోజే ఫ్రిజ్ మీది తిరుపతి బొమ్మ అయస్కాంతం పీక్కుని గరాజ్‌లోకి వెళ్ళాడు. తలుపుల మీద అతుక్కుంది, బానెట్ మీద అతుక్కుంది. హెడ్‌లైట్ చుట్టూ పెడితే జారిపోయింది.

"ఏరా, ఇంత డబ్బు పోసి లప్పం పెట్టించుకున్నావా?"

"లప్పం కాదు నాన్నా, సీసం."

"అన్నీ చెబుతారు."

సీసానికీ అయస్కాంతం అతుక్కోదన్న సంగతి ఆయనకి తెలియక కాదు. సీసం పెట్టే మనిషి ఇంకా ఉన్నాడంటే నమ్మలేదు. బిల్లుతో పాటు వాళ్ళు కవర్లో పెట్టిచ్చిన ఫోటోలు తెచ్చి చూపించాను. బోసి రేకు, వెల్డింగు, తెల్లటి తగరం పూత, సీసం ముద్ద, ఆకురాయి పట్టాక, ఇలా ప్రతి దశకీ ఒక ఫోటో ఉంది. కళ్ళజోడు పైకెత్తి ఒక్కోటీ చూశాడు. "వెల్డింగు చుక్కలు చుక్కలుగా పెట్టాడు, రేకు వేడెక్కనివ్వలేదు" అన్నాడు. ఆయన దగ్గర అది పెద్ద మెప్పు. ఆ ఫోటోల పద్ధతి నాకు తెలిసిన ఏ షాపులోనూ లేదు. పెయింట్ కింద ఏముందో తర్వాత ఎవరూ చూడలేరు కాబట్టి ముందే చూపించేస్తారు.

ఈ షాపుకి నేనిచ్చేది అయిదుకి నాలుగు నక్షత్రాలు. ఇప్పుడు ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో చెప్పాలి. ఎనిమిది నెలలన్నారు, పంతొమ్మిది పట్టింది. ఆలస్యమైతే చెప్పరు. వెళ్ళి అడిగితే కోప్పడరు, బదులూ చెప్పరు, కాఫీ ఇస్తారు. గంటకి 95 డాలర్ల లెక్కన 148 గంటలు, పెయింట్ వేరే. గంటల్లో మోసం లేదు, ఒకసారి తప్పు వాళ్ళదని ఆరు గంటలు కొట్టేశారు కూడా. కానీ నెలల తరబడి చప్పుడు లేకపోతే మనసు ఊరుకోదు.

రెండో ఫిర్యాదు కరెంటు పని. ఈ కారుకి ఫ్యాక్టరీ బ్యాటరీ 6 వోల్టులు. సోలినాయిడ్ల కోసం 12కి మార్చారు. రేకు మీద పెట్టిన శ్రద్ధలో సగం కూడా వైర్ల మీద పెట్టలేదు. ఒక ఆదివారం గుడి పార్కింగులో, చేతిలో పులిహోర పొట్లంతో, బటన్ నొక్కితే తలుపు రాలేదు. హ్యాండిల్ లేదు కదా, పట్టి లాగడానికి! మా ఆవిడ నా వైపు ఎలా చూసిందో రాయను. అత్యవసరానికని కారు కింద దాచిపెట్టిన కేబుల్ ఉంది. పట్టుపంచెతో సిమెంటు మీద పడుకుని దాన్ని లాగాను. మర్నాడు మేనల్లుడు వచ్చి, ఊడిన ఎర్తు వైరు బిగించి, డబ్బు తీసుకోకుండా వెళ్ళాడు. మీరు చేయించుకుంటే వైరింగు మాత్రం వేరే చోట చేయించండి.

పదిమంది తలతిప్పి చూడాలంటే ఇక్కడికి రావద్దు, ఆ పని చేసే షాపులు వేరే ఉన్నాయి. నా కారు చూసినవాళ్ళు సాధారణంగా "బాగుంది, ఒరిజినలేనా?" అంటారు. మొదట్లో సరిదిద్దేవాణ్ణి. ఇప్పుడు అవునంటున్నాను.

కార్డు తీసుకోరు, చెక్కే. పోతే శనివారం పొద్దున పదకొండు లోపు వెళ్ళండి. ఆ తర్వాత టార్చ్ వెలుగుతుంది, ఇద్దరిలో ఎవరూ మాట్లాడరు.