స్టీమ్ ఐరనా, స్టీమరా? రెండూ వాడాక నా మాట

మా ఇంట్లో కొన్నేళ్లుగా రెండూ ఉన్నాయి: ఆవిరి వదిలే ఇస్త్రీ పెట్టె అయిన స్టీమ్ ఐరన్, వేలాడదీసిన బట్టకు ఆవిరి పట్టి ముడతలు తీసే స్టీమర్. ఏది కొనమంటారని ఎవరైనా అడిగితే, మీ బీరువాలో ఏ బట్టలు ఎక్కువని ముందు అడుగుతాను.

గంజి పెట్టిన మంగళగిరి చీరలు, నూలు చొక్కాలు, పంచెలు ఉన్న ఇంటికి స్టీమ్ ఐరన్ తప్పదు. నూలు బట్ట ముడత పోవాలంటే తడి, వేడి, పైనుంచి నొక్కే బరువు, మూడూ కావాలి. స్టీమర్‌లో ఆ బరువు ఉండదు. పైగా దాని ఆవిరికి గంజి మెత్తబడి చీర బిగువు పోతుంది, కుచ్చిళ్లు నిలబడవు. చొక్కా కాలర్, ప్యాంటు గీత అయితే స్టీమర్‌తో ఎంతసేపు కుస్తీ పట్టినా నాకు కుదరలేదు.

జార్జెట్, షిఫాన్ చీరలకు, చమ్కీలు, అద్దాలు, మగ్గం వర్క్ ఉన్న జాకెట్లకు మాత్రం స్టీమరే హాయి. వాటిమీద ఇస్త్రీ పెట్టె ఆనించాలంటే నాకు టెన్షన్. హ్యాంగర్‌కు తగిలించి, స్టీమర్‌ను కాస్త ఎడంగా పట్టుకుని పైనుంచి కిందికి లాగితే చాలు. పెళ్లికని ఊరెళ్లి సూట్‌కేసులోంచి తీసిన లంగా ఓణీని నిమిషాల్లో కట్టుకునేలా చేస్తుంది. పట్టుచీరకు మాత్రం వాడను. స్టీమర్‌ను కొంచెం వంచినా నీళ్లు చిమ్ముతుంది, ఆ చుక్కలు పట్టుమీద మరకలవుతాయి. పట్టుచీరను తిరగేసి, పైన పల్చటి నూలుగుడ్డ పరిచి, ఆవిరి ఆపేసి తక్కువ వేడిలో ఇస్త్రీ చేస్తాను.

స్టీమ్ ఐరన్ నీళ్లు కారుస్తోందని చాలామంది విసుక్కుంటారు. డయల్ మీద చుక్కలు చూడండి: సుమారుగా ఒక చుక్కకు 110 డిగ్రీలు, రెండింటికి 150, మూడింటికి 200. చాలా మోడళ్లలో రెండు చుక్కలు దాటితేగానీ ఆవిరి సరిగా పుట్టదు, అంతకు తక్కువైతే నీళ్లే కారతాయి.

బోరు నీళ్లు మాత్రం దేంట్లోనూ పోయకండి. సున్నం పేరుకుని రంధ్రాలు మూసుకుపోతాయి, తెల్లటి పెచ్చులు చీరమీద రాలతాయి. డిస్టిల్డ్ వాటర్ నయం. పని అయ్యాక మిగిలిన నీళ్లు పారబోయాలి.

ఒక్కటే కొనగలిగితే, నిలువుగా పట్టుకున్నా ఆవిరి వదిలే స్టీమ్ ఐరన్ తీసుకోండి. బరువుకు చెయ్యి లాగుతుంది కానీ, ఒకటి రెండు జార్జెట్ చీరలకు సరిపోతుంది.