క్యాన్సర్ ప్లాన్‌లో ఫ్యామిలీ డాక్టర్‌కీ చోటు: మేం వాడుకున్న సేవ ఎలా ఉంది?

ఆస్పత్రి రివ్యూల్లో పార్కింగ్ గురించీ, క్యూల గురించీ, రిసెప్షన్ విసుగుల గురించీ కావలసినంత ఉంటుంది. వాటి జోలికి నేను పోవడం లేదు. మా అత్తయ్యకి వైద్యం చేసిన క్యాన్సర్ విభాగంలో ఒక ఏర్పాటు ఉంది. చికిత్స ఖరారు చేసేముందు రోగిని ఏళ్ల తరబడి చూస్తున్న ఫ్యామిలీ డాక్టర్‌ని కూడా వీడియో కాల్‌లో ట్యూమర్ బోర్డు మీటింగ్‌కి పిలుస్తారు. ఈ రివ్యూ ఆ ఒక్క సేవ గురించే.

ట్యూమర్ బోర్డు అంటే సర్జన్, కీమో ఇచ్చే ఆంకాలజిస్ట్, రేడియేషన్ డాక్టర్, స్కాన్లు చదివే రేడియాలజిస్ట్, బయాప్సీ చూసే పాథాలజిస్ట్ అందరూ ఒకచోట కూర్చుని ఒక్కో రోగి కేసూ మాట్లాడుకునే మీటింగ్. పెద్ద క్యాన్సర్ ఆస్పత్రుల్లో ఇది మామూలే. అయితే అక్కడున్న వాళ్లంతా గడ్డని చూసినవాళ్లే. మనిషిని చూసినవాళ్లు తక్కువ. చాలాచోట్ల ఫ్యామిలీ డాక్టర్‌కి అంతా అయ్యాక డిశ్చార్జ్ సమ్మరీ కాపీ ఒకటి పంపి సరిపెడతారు.

అత్తయ్యకి 66 ఏళ్లు. గుండెలో మెటల్ వాల్వ్ ఉంది కాబట్టి రక్తం గడ్డకట్టకుండా ఏళ్లుగా వార్ఫరిన్ మాత్రలు వాడుతున్నారు. షుగర్ ఉంది. దానివల్ల అరికాళ్లు ముందునుంచే కాస్త మొద్దుబారి ఉంటాయి. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. లింఫ్ గ్రంథుల్లో కూడా కనిపించడంతో మూడో దశ అన్నారు, కీమో తప్పదన్నారు. ఆ మాట చెప్పినప్పుడు ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "మా డాక్టరమ్మకి తెలుసా?" అని. ఇంకోచోటైతే నవ్వి ఊరుకునేవాళ్లు. ఇక్కడ కోఆర్డినేటర్ నర్సు, "ఆవిడ నంబర్ ఇవ్వండమ్మా, మేమే మాట్లాడతాం" అంది. రిపోర్టులు బయటికి పంపడానికి అత్తయ్య సంతకం తీసుకుని, ఆ సాయంత్రమే డాక్టరమ్మకి ఒక ఫారం పంపింది.

ఆ ఫారం నాకు బాగా నచ్చింది. ఇప్పుడు వాడుతున్న మందులు, మిగతా జబ్బులు, ఇంట్లో ఎవరు చూసుకుంటారు అనే ప్రశ్నలు ఎలాగూ ఉంటాయి. చివర్న ఇంకోటుంది: ఈ రోగి ఏం పోగొట్టుకోవడానికి అస్సలు ఇష్టపడరు? డాక్టరమ్మ అక్కడ "కుట్టుపని" అని రాశారు. అత్తయ్య కుట్టు మిషన్ ముందు కూర్చుంటే లోకం పట్టదు. కాజాలు ఇప్పటికీ చేత్తోనే కుడతారు.

ఆ ఒక్క మాట ప్లాన్‌ని మార్చింది. అనుకున్న కీమోలో రెండు మందులున్నాయి. ఆక్సాలిప్లాటిన్ డ్రిప్ ఒకటి, కేపెసిటాబిన్ మాత్రలు ఒకటి. 21 రోజులు ఒక సైకిల్. మొదటిరోజు డ్రిప్, 14 రోజులు మాత్రలు, తర్వాత వారం విరామం. ఆక్సాలిప్లాటిన్‌తో వేళ్లు, పాదాలు మొద్దుబారతాయి. మోతాదులు పెరిగేకొద్దీ అది పెరుగుతుంది, కొందరికి ఆ తర్వాత కూడా పూర్తిగా పోదు. పాదాలు ముందే మొద్దుబారి ఉన్న మనిషికి, అందులోనూ సూదీ దారంతో బతికే మనిషికి, ఇది చిన్న విషయం కాదు. 2018లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. 12 దేశాల్లో 12 వేల మందికి పైగా మూడో దశ పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో ఆరు నెలల కీమోనీ మూడు నెలల కీమోనీ పోల్చారు. మూడో దశలోనే రిస్క్ తక్కువగా ఉన్నవాళ్లకి ఈ మందుల జంట మూడు నెలలిచ్చినా ఫలితం దాదాపు అంతే ఉందనీ, మొద్దుబారడం మాత్రం బాగా తగ్గిందనీ తేలింది. అత్తయ్య ఆ తక్కువ రిస్క్ గుంపులోనే ఉన్నారు. దాంతో మూడు నెలలే చాలనుకున్నారు. ఆంకాలజిస్ట్ తనంతట తాను కూడా అదే చెప్పి ఉండొచ్చు, కాదనను. కానీ మాకు వివరించేటప్పుడు ఆయనే, "మీ డాక్టర్ గారు కుట్టుపని సంగతి చెప్పారు కదా" అని మొదలుపెట్టారు.

ఇక వార్ఫరిన్. కేపెసిటాబిన్‌తో కలిస్తే రక్తం మరీ పలచబడి, ప్రాణం మీదికి వచ్చే రక్తస్రావం కావచ్చు. ఇది క్యాన్సర్ డాక్టర్లకి తెలియని సంగతేమీ కాదు, ఆ మందు గురించి వాళ్లు ముందు చదివే హెచ్చరికల్లో ఇదొకటి. వాళ్లకి తెలియనిది అత్తయ్య. తిండి సయించకపోతే మాత్రలు మానేస్తారు. మోకాళ్లు లాగితే ఎవరికీ చెప్పకుండా నొప్పి మాత్ర వేసుకుంటారు. వార్ఫరిన్ మీద ఉన్నవాళ్లకి అది ఇంకో ప్రమాదం. ఇవన్నీ డాక్టరమ్మకి కొట్టినపిండి. మీటింగ్‌కి ముందు అత్తయ్యని పిలిపించి, "మందుల డబ్బా మొత్తం తెచ్చారామ్మా, లేక నాకు చూపించాలనుకున్నవే తెచ్చారా?" అని అడిగారు. అడుగున అర ఖాళీ అయిన నొప్పి మాత్రల స్ట్రిప్ ఒకటి బయటపడింది.

రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష అంతకుముందు నెలకోసారి చేయించేవాళ్లం. కీమో ఉన్నన్నాళ్లూ వారం వారం చేయించాలనీ, ఆ బాధ్యత డాక్టరమ్మదేననీ ప్లాన్‌లో రాశారు. అత్తయ్యకి అది 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. రెండో సైకిల్లో 5 దాటింది. పైకి ఏ లక్షణమూ లేదు, మామూలుగానే తిరుగుతున్నారు. డాక్టరమ్మ వార్ఫరిన్ ఆపించి, ఆంకాలజిస్ట్‌కి ఫోన్ చేసి, మళ్లీ పరీక్ష చేయించి, తగ్గించిన మోతాదుతో మొదలుపెట్టారు. పాత పద్ధతిలో నెలకోసారే చూస్తుంటే ఏమయ్యేదో ఊహించడానికి నాకు ధైర్యం చాలదు. కేపెసిటాబిన్ మాత్రలు ఆపేశాక కూడా ఆ ప్రభావం నెల దాకా ఉండొచ్చని, పరీక్షలు వెంటనే మాననివ్వలేదు.

మీటింగ్ అయ్యాక మాకో కాగితం ఇచ్చారు, ఒకటే పేజీ. ఆస్పత్రి చూసేది ఏంటి, ఫ్యామిలీ డాక్టర్ చూసేది ఏంటి, ఇంట్లో మనం గమనించాల్సింది ఏంటి అని మూడు గడులు. వాంతులు రాకుండా ఇచ్చే స్టెరాయిడ్ వల్ల డ్రిప్ రోజుల్లో షుగర్ పెరుగుతుందని, అప్పుడు డాక్టరమ్మకి ఫోన్ చేయాలని రెండో గడిలో ఉంది. జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్ వేసి చూద్దాం అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయాలని మూడో గడిలో ఎర్ర అక్షరాల్లో ఉంది. మావారు దాన్ని ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టారు.

ఇప్పుడు లోపాలు. ఆ జ్వరం ఒక రాత్రి రానే వచ్చింది. కాగితంలో ఉన్న నంబర్‌కి చేస్తే, ఎత్తినాయన "ఏ క్యాన్సర్? ఏ మందు? ఎవరు చూస్తున్నారు?" అని మొదటినుంచీ అడిగాడు. ఆ ప్లాన్ వాళ్ల కంప్యూటర్లోనే ఉంది, ఆయనకి మాత్రం తెరుచుకోదట. నేను కాగితం ఫోన్లో చదివి వినిపించాక రమ్మన్నారు. తెల్లకణాలు పడిపోలేదు కాబట్టి గండం గడిచింది. పగలు ఇంత బాగా నడిచే ఏర్పాటు రాత్రి పదయ్యేసరికి లేనట్టే ఉంటే ఎలా? కీమో జ్వరాలు ఓపీ టైం చూసుకుని రావు కదా.

మీటింగ్ వేళలు ఇంకో తలనొప్పి. మొదటిది పొద్దున్నే కాబట్టి డాక్టరమ్మ హాజరయ్యారు. కీమో మధ్యలో మోతాదు మార్చాలా వద్దా అని పెట్టిన రెండోది సరిగ్గా ఆవిడ క్లినిక్ కిటకిటలాడే వేళకి జరిపారు, ఆవిడ లేకుండానే అయిపోయింది. ఈ పనికి ఆవిడకి ఫీజూ లేదు. ఇష్టం కొద్దీ చేసే డాక్టర్ దొరికారు కాబట్టి మాకు నడిచింది. ఆ ఇష్టం మీదే సేవ అంతా నిలబెట్టడం ఆస్పత్రికి మంచిది కాదు. "జనరల్ డాక్టర్ ఇక్కడ ఏం చెబుతారు?" అన్నట్టు ఒకరు మొహం పెట్టారని తర్వాత ఆవిడే నవ్వుతూ చెప్పారు. కెనడాలో 968 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల మీద చేసి 2006లో ప్రచురించిన అధ్యయనం ఆ ఒకరు చదివితే బాగుండు. చికిత్స ముగిశాక కొందరిని ఫ్యామిలీ డాక్టర్లు, కొందరిని క్యాన్సర్ స్పెషలిస్టులు చూశారు. జబ్బు తిరగబెట్టడంలోగానీ, తిరగబెట్టాక వచ్చే తీవ్ర సమస్యల్లోగానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది చివరి ఉత్తరం. మొదట్లో ఫారం ఒక్క సాయంత్రంలో పంపినవాళ్లు, కీమో అయిపోయాక ఇక ఎవరు ఏం చూడాలో రాసే కాగితానికి మా చేత పదేపదే ఫోన్లు చేయించారు. వచ్చినదాంట్లో కూడా జబ్బు తిరగబెట్టిందేమో చూసే సీఈఏ రక్తపరీక్ష ఎన్ని నెలలకో ఉంది, ఎవరు రాయాలో లేదు. ఆపరేషన్ అయిన ఏడాదికి చేయాల్సిన కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే పరీక్ష) సంగతీ అంతే. కోఆర్డినేటర్‌ని అడిగితే "మేమే పిలుస్తాం" అంది. డాక్టరమ్మ ఆ మాట విని, తన రిజిస్టర్‌లో తేదీ రాసుకుని, "వాళ్లు పిలిస్తే సంతోషం, లేకపోతే నేను పంపిస్తాను" అన్నారు.

ఇలాంటి సేవ మీ ఆస్పత్రిలో ఉందా అని బయాప్సీ రిపోర్ట్ చేతికొచ్చిన రోజే అడగండి, ప్లాన్ ఖరారయ్యాక అడిగితే కాపీ మాత్రమే మిగులుతుంది. లేదంటే మీ డాక్టర్ చేత మందుల జాబితా, పాత జబ్బులు ఒక పేజీలో రాయించుకుని మీరే ఆంకాలజిస్ట్ టేబుల్ మీద పెట్టండి. నొప్పి మాత్రలు కూడా రాయించండి.

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. కోసిన ఆ ఒక్కటీ రాత్రి ఫోన్‌కీ చివరి ఉత్తరానికీ కలిపి.