తాత కొబ్బరి ఒలిచిన తోటలు: తెలుక్ ఇంతాన్, బగాన్ దాతుక్‌లో ఐదు రోజులు

మా తాత మమ్మల్ని "తిన్నావా" అని అడిగేవాడు కాదు. "సుదా మాకన్?" అనేవాడు. మా ఉద్దానంలో ఇంకెవరి నోటా ఆ మాట వినలేదు. అది మలయ్ మాటని, తినడం అయిందా అని అర్థమని నాకు పెద్దయ్యాక తెలిసింది. 1937లో, పదహారేళ్ల వయసులో, తాత కంగాణీ (తోటలకు కూలీలను పోగుచేసే మేస్త్రీ) వెంట మలయా, అంటే ఇప్పటి మలేషియా వెళ్లాడు. పదేళ్లు కొబ్బరి తోటల్లో కూలి చేసి తిరిగొచ్చాడు. 2018లో తిత్లీ తుఫానుకు ఇంటి కప్పు లేచిపోయి సామాన్లు సర్దుతుంటే, ట్రంకుపెట్టె అడుగున ఒక ఫోటో దొరికింది. ఇద్దరు కుర్రాళ్లు, వాళ్ల వెనక పక్కకి ఒరిగిపోయిన కట్టడం. ఫోటోనే వంకరగా తీశారనుకున్నాం. వెనక ఇంగ్లీషులో "తెలుక్ ఆన్సన్" అని రాసి ఉంది.

ఆ ఒక్క పేరు పట్టుకుని ఈ జనవరిలో నేనూ, మా మేనత్తా మలేషియా వెళ్లొచ్చాం. మీ ఇంట్లోనూ ఎవరో పినాంగు వెళ్లొచ్చారని చెప్పుకుంటూ ఉంటే, ఇందులో మీకు పనికొచ్చేవి కొన్ని ఉండొచ్చు.

2023 డిసెంబర్ నుంచి మనవాళ్లకు మలేషియాలో 30 రోజుల వరకు వీసా అక్కర్లేదు. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు మాత్రం ఆన్‌లైన్‌లో నింపాలి. టికెట్ కొనేముందు రూల్ అలాగే ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

మొదట మలేషియా పడమటి ఒడ్డున ఉన్న పినాంగు దీవికి వెళ్లాం. అప్పట్లో కూలీలను మద్రాసు పక్కనున్న ఆవడి డిపోలో ఉంచి, ఓడెక్కించి ఇక్కడ దించేవారు. దిగినా ఊళ్లోకి వెంటనే పోనిచ్చేవారు కాదు, జెరెజాక్ దీవిలో క్వారంటైన్‌లో పెట్టేవారు. వంతెన మీద కారు పోతుంటే ఆ దీవి దగ్గరగా కనిపిస్తుంది. అత్త అద్దానికి మొహం ఆనించి, అది కనుమరుగయ్యేదాకా చూసింది. పినాంగులోని జార్జ్ టౌన్ అందమైన ఊరే, తిండికి ఢోకా లేదు. కానీ మా పనికి ఒక్క రోజు చాలు. మేం రెండు రోజులు ఉండి ఒకటి వృథా చేసుకున్నాం.

తెలుక్ ఆన్సన్ పేరు 1982లో తెలుక్ ఇంతాన్ అయింది. బస్సు దిగి నడిచి వెళ్తుంటే అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపేసింది. ఎదురుగా ఒరిగిన గోపురం. ఫోటో వంకర కాదు, గోపురమే వంకర. 1885లో కట్టిన ఆ గోపురం బయటికి ఎనిమిది అంతస్తుల్లా కనిపిస్తుంది, లోపల ఉన్నవి మూడే. అప్పట్లో ఊరికి నీళ్లు నిలవచేసే ట్యాంకు దాని పైనే ఉండేది. ఫోటో పట్టుకుని అటూ ఇటూ జరుగుతూ, వంపు ఫోటోలో ఉన్నట్టే కనిపించే చోట నిలబడ్డాం. చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు.

అక్కడ మేం దిగిన హోటల్ గురించి మంచి మాట చెప్పలేను. గది శుభ్రంగానే ఉంది కానీ లిఫ్టు పనిచేయదని బుక్ చేసేటప్పుడు చెప్పలేదు. అత్తకు మోకాళ్ల నొప్పులు, గదేమో మూడో అంతస్తులో. కింద గది ఇవ్వమంటే లేదన్నారు, డబ్బు వెనక్కి ఇవ్వమంటే కుదరదన్నారు. మర్నాడే బగాన్ దాతుక్ వైపు ఒక మలయ్ కుటుంబం నడిపే హోమ్‌స్టేకి మారిపోయాం. రాత్రికి 120 రింగిట్లు. ఏసీ చప్పుడు చేస్తుంది, నెట్ అంతంత మాత్రం. అయినా మళ్లీ వెళ్తే నేరుగా అక్కడికే వెళ్తాను. ఆ ఇంటావిడ రోజూ పొద్దున్నే అత్తను "సుదా మాకన్?" అని అడిగేది. మొదటిరోజు అది విని అత్త గిన్నె కింద పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది.

బగాన్ దాతుక్ పేరాక్ నది సముద్రంలో కలిసే చోట ఉంది. తెలుక్ ఇంతాన్ నుంచి కారులో గంట. యాప్‌లో కారు వెళ్లేటప్పుడు దొరికింది, వచ్చేటప్పుడు గంటన్నర చూసినా దొరకలేదు. రోజంతటికీ కారు మాట్లాడుకోండి, డబ్బు ఎక్కువైనా సరే. తోటల్లోకి వెళ్లాలంటే కంపెనీ నుంచి ముందే అనుమతి తీసుకోవాలి. మేం రెండు మెయిళ్లు పంపినా జవాబు రాలేదు, గేటు దగ్గర గార్డు వెనక్కి పంపేశాడు. కొబ్బరి ఉన్న చోట ఇప్పుడు చాలావరకు పామాయిల్ తోటలే. గేటు బయట బంగ్లాదేశ్ కుర్రాళ్లు కనిపించారు, ఒకడు ఇంటికి వీడియో కాల్ చేసి వాళ్లమ్మకు చెట్లు చూపిస్తున్నాడు. తాతకు ఆ వీలు కూడా లేదు.

అసలు పని రామాలయం దగ్గర అయింది. ఆదివారం అక్కడికి తెలుగు పెద్దవాళ్లు వస్తారని హోమ్‌స్టే ఆవిడే చెప్పింది. "ఏ ఊరు అమ్మా మీది?" అని పలకరించింది ఎనభై దాటిన ఒక పెద్దాయన. పుట్టింది అక్కడే, ఇండియా ఎప్పుడూ చూడలేదు. అయినా యాస అచ్చం మా సిక్కోలుదే. ఇంటికి తీసుకెళ్లి పెరట్లో నేలలో పాతిన ఇనుప మొన చూపించారు. కాయను దాని మీద గుచ్చి, మణికట్టు తిప్పి, మూడు విసుర్లలో పీచు విడదీశారు. అత్త చీర చెంగు దోపుకుని ఇంకో కాయ అందుకుంది. నాలుగు విసుర్లు పట్టింది. "ఎవరు నేర్పేరమ్మా నీకు?" అన్నారాయన. "మా నాన్న" అంది.

కూలి సంగతి అడిగాను. 1937 ప్రాంతంలో తోటల్లో మగవాళ్లకు రోజుకు 50 సెంట్లు, ఆడవాళ్లకు 40 ఇచ్చేవారు. 1938లో అదీ తగ్గించేసరికి మన ప్రభుత్వం కూలీలను పంపడమే ఆపేసింది. అంటే తాత వెళ్లిన మరుసటి ఏడే. తర్వాత జపాన్ వాళ్లొచ్చారు. సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి బర్మాకి రైలు మార్గం వేయడానికి తోటల్లోంచి మనుషుల్ని తీసుకుపోయారు. 415 కిలోమీటర్ల ఆ లైను 1943 అక్టోబర్‌కి పూర్తయింది. ఆ పెద్దాయన అన్న అలా వెళ్లి మళ్లీ రాలేదు. మా తాత ఆ ఏళ్ల గురించి ఎందుకు నోరు విప్పలేదో అత్త అక్కడే మొదటిసారి పైకి అడిగింది. ఫోటోలోని రెండో కుర్రాడిని ఎవరూ పోల్చలేకపోయారు.

మీరు వెళ్తే సరుకులు, స్వీట్లు మోయకండి. పాత ఫోటోలు, ఇంటిపేరు, తాతముత్తాతల ఊరి పేరు రాసుకుని వెళ్లండి. అక్కడి పెద్దవాళ్లు మొదట అడిగేవి అవే.

బయల్దేరేటప్పుడు పెద్దాయన ఒక కాగితం ఇచ్చారు. వాళ్లమ్మ పుట్టిన ఊరు, ఇంటిపేరు మనవరాలి చేత రాయించారు. ఎనభై ఏళ్లకు పైగా నోటి మీదే నిలిచిన ఊరి పేరు కదా, అక్షరాలు కాస్త అరిగిపోయాయి. దానికి దగ్గరగా వినిపించే ఊళ్లు సోంపేట చుట్టుపక్కల రెండున్నాయి. ఒకదానికి వెళ్లి చూశాం, ఆ ఇంటిపేరు వాళ్లు లేరు. రెండోదానికి వచ్చే ఆదివారం అత్తా నేనూ వెళ్తున్నాం.